అతివేగంగా, అజాగ్రత్తగా

మగ్దూమ్ గురూజీ తప్పు చేయడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ వేడుక చూసే భాగ్యం ఇందుమతికి కలగలేదు. టీ గ్లాసు ఆయన చేతిలోంచి జారితే, అంత నున్నటి గ్లాసు కొన్నవాళ్ళది తప్పు. కొల్హాపూర్ బస్సు తప్పిపోతే, ఆ బస్సు ముందుగా వచ్చింది. కూరలో రెండోసారి ఉప్పు ఆయనే చల్లుకున్నా, మొదటిసారి వేశానని చెప్పకపోవడం ఇందుమతి పొరపాటు. ఒకసారి మేనల్లుడి పెళ్ళికి మర్నాడు వెళ్ళి, అంత తొందరపాటు ముహూర్తం పెట్టినందుకు పురోహితుణ్ణి మందలించి, మిగిలిన లడ్డూలు తిని వచ్చాడు.

“ఇలాంటి మొగుడు దొరకడానికి ఏం నోము నోచావు కాకూ?” అని, పిన్ని వరసలో పిలుస్తూ, పక్కింటి సులభా ఏడిపిస్తే, “నేను కాదమ్మా, ఆయనే నోచి ఉంటారు. తప్పులన్నీ పెట్టుకోవడానికి ఇంట్లో ఒక మనిషి కావాలిగా,” అనేది ఇందుమతి.

బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి ఇప్పుడు ఒకటే పని మిగిలింది. ఊళ్ళోకి వచ్చే రోడ్డు నీళ్ళట్యాంకు దగ్గర ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ ఎక్కుడు మధ్యలో మలుపు, మలుపులో వాళ్ళ ఇల్లు. ఏ రెండు బండ్లు గుద్దుకున్నా ఆ ఇంటి అరుగు ముందే గుద్దుకోవాలి. అందుకని పోలీసు ఔట్‌పోస్టు హవల్దారు మానేకి సాక్షుల కోసం తిరిగే శ్రమ తప్పింది. వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. ఇందుమతి టీ పెడుతుంది. గురూజీ కళ్ళజోడు తుడుచుకుని పంచనామా చెప్పి రాయించి, కింద పంచ్‌గా, అంటే సాక్షిగా, సంతకం చేస్తాడు. రెండో సంతకం ఆ పూట రోడ్డు మీద ఎవరు దొరికితే వాళ్ళది.

గురూజీ దగ్గర రెండే సూత్రాలు. పెద్ద బండిదే తప్పు. రెండూ ఒకే సైజువైతే, పైఊరి బండిది తప్పు. వీటితో తెగని కేసు ఇంతవరకు ఆ మలుపులో పడలేదు. తప్పు ఎవరిదైనా వాక్యం మాత్రం ఒక్కటే: ‘సదరు డ్రైవరు అతివేగంగా, అజాగ్రత్తగా, ఇతరుల ప్రాణాలను లక్ష్యపెట్టక నడిపి…’ ఆయన సంతకం పైన ప్రతి బండీ అతివేగంగానే వెళ్ళింది. కిందటేడు ఒక ఎద్దుబండి కూడా.

“ఎద్దులు అతివేగంగా వెళ్ళాయా?” అని ఇందుమతి అప్పుడు అడిగింది.

“ఎద్దుకి అది అతివేగమే,” అన్నాడు.

చెరకు నరికే రోజులొచ్చాయంటే ఆ రోడ్డుకి ఊపిరాడదు. ఒక్కో ట్రాక్టరు రెండేసి ట్రాలీలు తగిలించుకుని, వాటి మీద మిద్దె ఎత్తు చెరకు వేసుకుని, నిండు చూలాలిలా రొప్పుతూ ఫ్యాక్టరీకి బయల్దేరుతుంది. ట్యాంకు ఎక్కుడు దగ్గరికి వచ్చేసరికి దాని వేగం చచ్చిపోతుంది. ఊళ్ళోవాళ్ళు కాచుకుని ఉండేది అక్కడే. పిల్లలు, బడికి వెళ్ళే టీచర్లు, పాలు పోసి వచ్చేవాళ్ళు, అందరూ ట్రాలీ పక్కన నాలుగడుగులు నడిచి, తలో గడా లాక్కుంటారు. దాన్ని దొంగతనం అనే మనిషి ఊళ్ళో గురూజీ ఒక్కడే. ఆయన గేటుకి రేకు బోర్డు వేలాడుతుంటుంది: ‘నడుస్తున్న ట్రాలీ నుండి చెరకు లాగుట నేరము.’

ఆయన స్నానానికి వెళ్ళిన వేళ చూసి, ఆ బోర్డు పక్కనుంచే బయటికి వచ్చి, ఇందుమతి చెరకు లాగేది. ఇంట్లో చెరకు లేక కాదు. మరిది పొలం నుంచి పంపిన మోపు పెరట్లో ఎండుతోంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. అదేమిటో, ఇచ్చిన చెరకుకి ఆ తీపి రాదు.

ఆ మంగళవారం పొద్దున కూడా అంతే. పెరట్లో రాగి బాయిలరు మూత తీసిన చప్పుడు, ఆ వెనకే చెంబు చప్పుడు, గురూజీ స్తోత్రం వినిపించాయి. వీధిలోంచి ట్రాక్టరు టేపులో మోగే పాట వినిపించింది. ఇందుమతి పచ్చచీర కొంగు బొడ్లో దోపుకుని గేటు తీసింది.

ముందు ట్రాలీని వదిలేసింది. ఆవిడ ఎప్పుడూ వెనక ట్రాలీలోంచే లాగుతుంది. మోపు నడిమి గడలు బిగిసి ఉంటాయి. అంచున కాస్త బయటికి వచ్చిన దాన్ని పట్టుకుని, ముందు మెలితిప్పి, తర్వాత లాగాలి. గడ వదులయ్యేదాకా ట్రాలీతో పాటు నడవాలి. మోకాలు నొప్పి ఉన్నా ఆ నడక ఆవిడకి కష్టం కాదు, ఎందుకంటే ఆ ఎక్కుడు మీద ట్రాలీ ఆవిడ కోసం ఆగినట్టే నడుస్తుంది. ఒకసారి ఆవిడే ముందుకెళ్ళి దాని కోసం ఆగింది కూడా.

గడ చేతికొచ్చింది. అప్పుడే వెనకనుంచి మోటార్‌సైకిల్ రొద వినిపించింది. తల తిప్పింది. ట్రాలీకి, రోడ్డు అంచుకి మధ్యనున్న ఆ సందులోంచి, ఎడమ పక్కనుంచి, సులభా కొడుకు అమోల్ దూసుకొస్తున్నాడు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి చెవి దగ్గర ఫోనుతో. ఆవిణ్ణి చూశాడు. “కాకూ!” అని అరిచాడు. బ్రేకు కీచుమంది. ఆవిడ రోడ్డు పక్క కాలవలోకి అడుగేసింది. వాడు కుడికి తిప్పాడు. బయటికి వేలాడుతున్న చెరకులో హ్యాండిల్ చిక్కుకుంది. బండి ఒక పక్కకి, వాడు ఒక పక్కకి పడ్డారు. ట్రాలీ వెనకచక్రం వాడి కాలి మీదికి నెమ్మదిగా ఎక్కింది. ఆ నెమ్మదే ఇందుమతికి తర్వాత నిద్రలో కూడా కనిపించింది. నెమ్మదిగా ఎక్కి, డ్రైవరు కేక విని ఆపితే ఆగింది.

డ్రైవరు దూకి వచ్చాడు. బీడ్ నుంచి చెరకు నరకడానికి వచ్చిన ముఠావాడు, అంకుశ్ అని పేరు. మొదట ట్రాలీ చక్రం కింద రాయి పెట్టాడు. తలపాగా విప్పి అమోల్ తొడ మీద బిగించి కట్టాడు. వాడి తల ఒళ్ళో పెట్టుకుని, “ఏం కాదు దాదా, ఏం కాదు, నన్ను చూడు,” అంటున్నాడు. ఈలోగా జనం మూగారు. ఎవరో “పట్టుకోండ్రా వాణ్ణి!” అన్నారు. ఒకడు రాయి తీశాడు. అంకుశ్ అమోల్ తలని పదిలంగా పక్కవాడి ఒళ్ళోకి మార్చి, లేచి, చెరకుతోటలోకి పరిగెత్తాడు.

“చూశారా, పారిపోయాడు! తప్పు లేకపోతే ఎందుకు పారిపోతాడు?” అన్నాడు అమోల్ బాబాయి బాళూ ఖోత్.

అప్పుడు వచ్చాడు గురూజీ, నడుముకి తువ్వాలు, చెవుల్లో సబ్బు నురగ. “ఏమైంది? ఏమైంది?” అన్నాడు. అందరూ ఒకేసారి చెప్పారు. ఇందుమతి చెప్పలేదు. చేతిలో ఉన్న చెరకుగడని గోడ వెనక నీళ్ళడ్రమ్ము పక్కకి జారవిడిచి, కాలవలోంచి పైకి వచ్చి, పరిగెత్తుకొచ్చిన సులభాని పట్టుకుంది.

సాయంత్రం మానే వచ్చి టేపు పట్టి కొలిచాడు. అంకుశ్ అప్పటికే తనంత తను పొలాల వెంట నడిచి ఔట్‌పోస్టుకి వెళ్ళి కూర్చున్నాడట. ఆ సంగతి మానే టీ తాగుతూ చెప్పాడు. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

“ట్రాలీ బ్రేకు వేసిన గుర్తే లేదు గురూజీ రోడ్డు మీద,” అన్నాడు మానే.

“అంటే బ్రేకే వేయలేదన్నమాట. అజాగ్రత్తగా అని రాయి.”

“ఇదిగో, ఇక్కడ ఒక పొడుగు గీత ఉంది. మోటార్‌సైకిలుదేమో.”

“అది పాతది.”

మానే రాశాడు. బాళూ ఖోత్ అరుగు మెట్టు మీద కూర్చుని వింటున్నాడు. “ట్రాక్టరుకి బీమా ఉందిలెండి. మన అమోల్ కాలికి కాస్త ఆసరా అవుతుంది. ఎవరికీ నష్టం లేదు,” అన్నాడు.

“డ్రైవరు సంగతో?” అంది ఇందుమతి టీ పళ్ళెం పట్టుకుని.

“వాడిదేముంది కాకూ, బీడ్‌వాడు. ఇక్కడైతే ఏమిటి, లోపలైతే ఏమిటి!”

మానే పెన్ను ఎత్తి అడిగాడు. “కళ్ళారా చూశారు కదా గురూజీ? అలా రాస్తే గట్టిగా ఉంటుంది.”

“నా గేటు ముందు జరిగింది నేను చూడకపోవడమేమిటి?” అన్నాడు గురూజీ. సంతకం చేశాడు. ఆయన సంతకం ముత్యాల్లా ఉంటుంది. పంచనామా ఎప్పుడూ ఆ సంతకం దగ్గర ఎంత అందంగా ఉంటుందో చూసి ఇందుమతి లోపల నవ్వుకునేది. ఆ సాయంత్రం పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం గేటు దగ్గర ఒకమ్మాయి నిలబడి ఉంది. చంకలో బిడ్డ. చేతుల నిండా చెరకు ఆకు కోసిన గాట్లు. లోపలికి రమ్మంటే రాలేదు. చివరి మెట్టు కింద నిలబడింది.

“నేను మంగల్‌ని మావుశీ. అంకుశ్ పెళ్ళాన్ని. గురూజీ ఉన్నారా?”

“పడుకున్నారు. చెప్పు.”

“ఆయన పెద్దమనిషి అంట కదా. మావాడి గురించి ఏం రాశారో అడుగుదామని. మానే సాయెబు చదివి చెప్పలేదు.”

ఇందుమతి లోపలికి వెళ్ళి జొన్న భాకరీలు, వెల్లుల్లి కారం కాగితంలో చుట్టి తెచ్చింది. మంగల్ అందుకుంది గానీ, ఆమె ధ్యాస తిండి మీద లేదు.

“వాడు వేగంగా తోలలేదు మావుశీ. తోలినా ఆ బండి పోదు. ఆ ఎక్కుడు మీద మేం దిగి పక్కన నడుస్తాం, బిడ్డ ఏడిస్తే ఆగి పాలిచ్చి మళ్ళీ అందుకుంటాం. నిన్న ట్రాలీ పక్కన ఒకావిడ నడుస్తోందట. మావాడు అద్దంలో చూశాడు. పచ్చచీర. ‘ఆవిడ చూసింది మంగల్, ఆవిడ చెప్తుంది,’ అంటున్నాడు. తిండి కూడా తినకుండా అదే మాట. ఆ పచ్చచీర ఎవరిదో మీకేమైనా తెలుసా?”

ముంగిట్లో తీగ మీద పచ్చచీర ఆరుతోంది. ఆ కాలవ బురద పోవడానికి ఇందుమతి ఆ పొద్దున దాన్ని రెండుసార్లు ఉతికింది. గాలికి దాని చెంగు లేచి, మంగల్ భుజం దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళింది. బిడ్డ దాన్ని పట్టుకోబోయింది. మంగల్ ఆ చిన్న చెయ్యిని మెల్లిగా వెనక్కి తీసింది. చీర వంక చూడలేదు. ఇందుమతి వంకే చూసింది.

“ఇక్కడ అందరూ పచ్చచీరలే కట్టుకుంటారు లెండి,” అంది మంగల్. భాకరీల పొట్లం బిడ్డ కాళ్ళ కింద సర్దుకుని, రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇందుమతి గురూజీకి రెండో భాకరీ వడ్డించి, పప్పు వేసి, ఎదురుగా కూర్చుంది.

“ఏమండీ, ఆ ట్రాక్టరు వేగంగా రాలేదు.”

“నీకెలా తెలుసు?”

“నేను పక్కన నడిచాను.”

“దాని పక్కన నీకేం పని?”

“చెరకు లాగుతున్నా.”

గురూజీ చెయ్యి పప్పులో ఆగిపోయింది. “మన గేటు ముందా?”

“గేటు ముందే.”

“అక్కడ బోర్డు ఉంది కదా!”

“ఉంది. చాలా బాగా రాశారు.”

“ఎన్నాళ్ళనుంచి జరుగుతోంది ఇది?”

“మీరు పొద్దున్నే స్నానం చేయడం మొదలుపెట్టినప్పటినుంచి.”

ఆయన మొహం చూస్తే, ఇందుమతి ఎవరినో చంపినట్టు చెప్పినా అంత కలవరపడేవాడు కాదు. కంచం కాస్త దూరం జరిపాడు. “గురూజీ పెళ్ళాం చెరకు దొంగ! ఈ మాట బయటికి వస్తే రేపు బళ్ళో పిల్లలు బోర్డు మీద ఏం రాస్తారో తెలుసా?”

“నా సంగతి తర్వాత. నా మోకాలు మీకు తెలుసు కదా. నాకంటే మెల్లిగా వచ్చిన బండి అతివేగంగా ఎలా వచ్చిందో చెప్పండి. మీరు లెక్కల మాష్టారు.”

“అది రాసే పద్ధతి. అన్నిట్లోనూ అలాగే రాస్తారు. కోర్టువాళ్ళకి తెలుసు.”

“జైలు కూడా రాసే పద్ధతేనా?”

గురూజీ గొంతు తగ్గించి అన్నాడు. ఆ గొంతు ఇందుమతికి కొత్త. “అమోల్ మన చేతుల్లో పెరిగాడు. నా దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నాడు. వాడు కాలు పోగొట్టుకునేలా ఉన్నాడు. తప్పు వాడిదేనని నా నోటితో ఎలా చెప్పను? సులభా మొహం ఎలా చూస్తావు నువ్వు?”

ఇందుమతి పప్పు గిన్నె మీద మూత పెట్టింది. “తప్పు వాడిదని చెప్పమనలేదు. చూశానని మాత్రం చెప్పొద్దంటున్నాను. మీరు చూడలేదు. మీ చెవుల్లో సబ్బుంది.”

గురూజీ చెయ్యి కడుక్కుని లేచాడు. మిగిలిన భాకరీ కంచంలో అలాగే ఉంది. తప్పు వంటదని మాత్రం ఆ పూట అనలేదు.

సులభా శుక్రవారం ఆస్పత్రి నుంచి బట్టల కోసం వచ్చింది. ఇందుమతి గిన్నెలో పాయసం తీసుకుని వెనకదారిన వెళ్ళింది. సులభా వంటింట్లో నేల మీద కూర్చుని, అమోల్ చొక్కాలు మడత పెడుతోంది. మడత పెట్టినదాన్నే విప్పి మళ్ళీ మడత పెడుతోంది.

“కాలికి కడ్డీ వేశారు కాకూ. కాలు ఉంటుందంటున్నారు. నడుస్తాడో లేదో చెప్పలేదు. నువ్వు కూర్చో, టీ పెడతా.”

“టీ వద్దు. నీకొకటి చెప్పాలి.”

చెప్పింది. గడ లాగడం, నడవడం, సందులోంచి రావడం, ఫోను, కాలవ. దాచకుండా చెప్పింది. చివర, “నేను అక్కడ లేకపోతే వాడు దాటిపోయేవాడేమో. నన్ను తప్పించబోయే తిప్పాడు. అందులో నా పాలు ఉంది, అదీ చెప్తాను మానేకి. కానీ ఆ డ్రైవరు పాలు లేదు సులభా,” అంది.

సులభా చొక్కా మడత మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నొక్కింది.

“ఫోను పట్టుకున్నాడా?”

“పట్టుకున్నాడు.”

“వాడు అలా తోలడు.”

ఇందుమతి పాయసం గిన్నె ఆమె పక్కన పెట్టింది.

“వాడికి ఏమీ గుర్తు లేదంటున్నాడు. గుర్తు లేనివాడి మీద మీరు చెప్తారా?” అంది సులభా. కోడలిగా ఈ వీధిలో అడుగుపెట్టినప్పటినుంచి ఇందుమతిని ఆమె ‘నువ్వు’ అనే పిలిచింది. ఆ ‘మీరు’ విని ఇందుమతి గోడ పట్టుకుని లేచింది.

మర్నాడు పొద్దున పాయసం గిన్నె గేటు మీద బోర్లించి ఉంది. కడిగి, తుడిచి, ఖాళీగా. ఆ రెండిళ్ళ మధ్య ఇన్నేళ్ళలో గిన్నె ఖాళీగా తిరిగి రాలేదు. పంచదార పలుకైనా, కరివేపాకు రెబ్బైనా ఉండేది. ఇందుమతి దాన్ని తెచ్చి అలమారలో పెట్టి, తలుపు వేసి, అలమారకి ఆనుకుని కాసేపు నిలబడింది.

ఆ భోజనాల నాటి నుంచి గురూజీ కుదురుగా ఉండలేదు. గేటుకి వేలాడే బోర్డు తీసి, తుడిచి, మళ్ళీ తగిలించాడు. కాసేపటికి వంకరగా ఉందని మళ్ళీ తీశాడు. ఒకసారి ఎవరూ లేనప్పుడు రోడ్డు మీదికి వెళ్ళి, ఆ పొడుగు గీత పక్కన కూర్చుని, వేలితో తడిమి చూసుకున్నాడు. కిటికీలోంచి ఇందుమతి చూసింది. చూసినట్టు చెప్పలేదు.

ఆదివారం పొద్దున్నే మానే వచ్చాడు. పంచనామా పంపించేశారు గానీ, పై సాయెబు సాక్షి వాంగ్మూలం విడిగా కావాలన్నాడట. కాగితాలు మోకాలి మీద సర్దుకుని అరుగు మీద కూర్చున్నాడు. బాళూ ఖోత్ వచ్చాడు. వాంగ్మూలం సంగతి తెలిసి మరో నలుగురు వచ్చారు. రోడ్డు అవతల, ట్యాంకు నీడలో, మంగల్ బిడ్డతో నిలబడింది. పక్కింటి గుమ్మంలో సులభా ఉంది, సగం తలుపు వేసి.

“చెప్పండి గురూజీ. ‘నేను మంగళవారం ఉదయం మా అరుగు మీద కూర్చుని ఉండగా…’ అంతేగా?” అన్నాడు మానే.

“ముందు నాది రాసుకోండి హవల్దార్,” అంది ఇందుమతి గుమ్మంలోంచి.

“మీదేముంది కాకూ? టీ అద్భుతంగా ఉందని రాస్తా.”

ఎవరో నవ్వారు. ఇందుమతి మెట్లు దిగింది. నీళ్ళడ్రమ్ము వెనకనుంచి ఎండిపోయిన చెరకుగడ తీసి, మానే పక్కన అరుగు మీద పెట్టింది.

“ఆ రోజు ఆ ట్రాలీలోంచి నేను లాగిన గడ ఇది. పచ్చచీర నాదే. గడ లాగేంతసేపు ట్రాలీ పక్కనే నడిచాను. అమోల్ ఎడమ పక్కనుంచి వచ్చాడు, చేతిలో ఫోను ఉంది. నన్ను తప్పించబోయి పడ్డాడు. అందులో నా తప్పుంటే రాసుకోండి. ట్రాక్టరుది మాత్రం వేగం లేదు.”

వెనకనుంచి ఒకడు, “కాకూ, మీరూ లాగుతారా!” అన్నాడు, ఎంతో ఆనందంగా. నవ్వులు వచ్చాయి. ఇందుమతి ఇన్ని రోజులు భయపడింది ఆ నవ్వుకే. అది వచ్చింది, వెళ్ళింది, ఏమీ కాలేదు.

బాళూ ఖోత్ నవ్వలేదు. “కాకూ, మీరు ఎవరి పక్షం? అమోల్ మీ ఇంటి పిల్లాడు కాదా? ఆ బీడ్‌వాడు మీకేమవుతాడు?”

“ఏమీ కాడు.”

“మరి?”

“ఏమీ కాని వాణ్ణే కదా బాళూ మనం లోపల పెట్టింది.”

మానే మెడ గీక్కున్నాడు. “చూడండి కాకూ, ఆడమనిషి నడిస్తే ఎంత వేగం, ట్రాక్టరు ఎంత వేగం, ఇదంతా రాయడానికి కుదరదు. రాసింది రాసిందే. పైగా గురూజీ కళ్ళారా చూశారు.”

అప్పుడు మలుపు కిందనుంచి పాట వినిపించింది. నల్లపొగ కక్కుతూ ఇంకో ట్రాక్టరు ఎక్కుడు మొదలుపెట్టింది. రెండు ట్రాలీలు, నిండా చెరకు. పాట వేగంగా ఉంది, బండి కాదు.

ఇందుమతి కొంగు బొడ్లో దోపుకుంది. గేటు తీసి, బోర్డు పక్కనుంచి రోడ్డు మీదికి వెళ్ళింది. వెనక ట్రాలీ వచ్చేదాకా ఆగింది. అంచున వదులుగా ఉన్న గడ ఎంచుకుంది. మెలితిప్పింది. దాంతో పాటు నడిచింది, కుడికాలు కాస్త ఈడుస్తూ, ఊరంతా చూస్తుండగా. గడ ఊడి చేతికొచ్చింది. అక్కడితో ఆగలేదు. ముందు ట్రాలీని దాటింది, పెద్ద చక్రాన్ని దాటింది, ఇంజను పక్కకి వచ్చింది. ఇంజను ముందుకి వెళ్ళి, రోడ్డు అంచున నిలబడి, మోకాలు పట్టుకుని, దాని కోసం ఎదురుచూసింది. డ్రైవరు పోలీసుని చూసి హడలి, పాట కట్టేశాడు. “నేనేం చేయలేదు సాయెబ్!” అన్నాడు సీటు మీదనుంచే. ఆ బండి పక్కనుంచి వెళ్ళి, పైకెక్కి కనుమరుగయ్యేదాకా అందరూ చూస్తూనే ఉన్నారు. చాలాసేపే పట్టింది.

ఇందుమతి రొప్పుతూ వెనక్కి వచ్చింది. గడని మానేకి ఇవ్వలేదు. తీసుకెళ్ళి గురూజీ ఒళ్ళో పెట్టింది.

“అది వేరే ట్రాక్టరు,” అన్నాడు బాళూ ఖోత్. కానీ గొంతులో జోరు లేదు. పక్కింటి గుమ్మంలో సులభా తలుపు ఇప్పుడు పూర్తిగా తెరిచి ఉంది. ఆమె ఇందుమతిని చూడటం లేదు. రోడ్డు మీది పొడుగు గీతని చూస్తోంది.

మానే పెన్ను మూత తీశాడు. “చెప్పండి గురూజీ. ‘అరుగు మీద కూర్చుని ఉండగా కళ్ళారా చూశాను.’ ఇలాగే రాయనా?”

గురూజీ కళ్ళజోడు తీశాడు. తుడవడానికి పంచె అంచు పట్టుకున్నాడు గానీ తుడవలేదు. ఒళ్ళో ఉన్న గడ వంక, దాని కోసిన అంచున ఊరుతున్న రసం వంక చూశాడు. ఇందుమతి మోకాలి వంక చూశాడు. తర్వాత రోడ్డు అవతల, ట్యాంకు నీడలో నిలబడ్డ అమ్మాయి వంక. ఆ దూరానికి కళ్ళజోడు లేకుండా ఆయనకి మనిషి ఆనదు. అయినా అటే చూశాడు.

“రాయకు,” అన్నాడు.

“ఏది రాయొద్దు?”

“కళ్ళారా అన్నది. కూర్చుని ఉండగా అన్నది కూడా. నేను స్నానం చేస్తున్నాను. మొహం నిండా సబ్బు. ఏమీ చూడలేదు.” ఒకసారి ఆగాడు. “పంచనామాలో రాయించింది కూడా చూసి కాదు. నేను తప్పు చేశాను.”

ఆ మాట ఆయన నోట్లో ఎంతో కొత్తగా, సన్నగా పలికింది. మానేకి వినిపించింది, పక్కన కూర్చున్నవాళ్ళకి వినిపించింది. రోడ్డు అవతల మంగల్ మాత్రం బిడ్డని భుజం మార్చుకుని, ఏమన్నారో అర్థం కాక, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వంగింది.

గురూజీ అరుగు మీద లేచి నిలబడ్డాడు. బళ్ళో వెనక బెంచీకి వినపడేలా చెప్పినట్టు, అటు తిరిగి, గట్టిగా చెప్పాడు.

“తప్పు మీ ఆయనది కాదమ్మా. తప్పు నాది.”